మూడు మిల్లీమీటర్లు

పదకొండు దాటింది. ఫ్యాను ఆపి కూర్చున్నాను. కడపలో ఈ నెలలో ఫ్యాను ఆపడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఆపకపోతే అంగుళం గుడ్డముక్కలు లేచి మంచం కిందికి పోతాయి. చిన్నది నిద్రపోయింది. దాని బొమ్మ మంచానికి బొంత మాత్రం ఇంకా కాలేదు.

నిద్ర పట్టనివ్వనిది మూడు మిల్లీమీటర్లు. తొమ్మిదేసి ముక్కలు కలిపి ఒక్కో చదరం, అలాంటివి అయిదు కుట్టాను. ముక్క అంగుళం. అన్ని వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతే పైకి కనబడేది అరంగుళం. మూడు ముక్కలు చేరి, బయటి పావులతో కలిపి రెండంగుళాలు రావాలి, అంటే 51 మిల్లీమీటర్లు. 48 వచ్చింది. పక్కన చేరాల్సిన సాదా చదరం, అతుకుల్లేని ఒకే ముక్క, అదేమో సరిగ్గా 51. రెండూ కలిపి కుడితే సాదా చదరం ఉబ్బుతుంది. పెద్ద దుప్పటిలో ఈ తేడా ఎవరి కంటా పడదు. అరంగుళం ముక్కకి మాత్రం అది దాదాపు నాలుగో వంతు.

దీనికి తోడు పెద్దత్త మాట. "చిన్నదే కదమ్మా, ఒక పూటలో అయిపోతుందిలే." పొద్దున్నుంచీ ఆ మాటే గుచ్చుకుంటోంది. ఆరడుగుల బొంతని పన్నెండో వంతుకి దించితే ఆరంగుళాలవుతుంది, నిజమే. తగ్గింది గుడ్డే. కోతలు అన్నే, అతుకులు అన్నే, ఇస్త్రీ చేయాల్సిన మడతలూ అన్నే. పైగా పెద్దదానిలో చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, ఇందులో సర్దుకోదు. మిగిలిన రవికె గుడ్డలుంటే చాలు, ఎవరైనా చేసేయొచ్చు అనుకుంటారు. ఆ గుడ్డల్లో సగం పనికే రావు. పాలిస్టర్ కలిసిన గుడ్డకి మడత నిలవదు. పట్టు అంచులు పోగులు పోగులుగా ఊడిపోతాయి. పెద్ద పువ్వుల అచ్చయితే అరంగుళంలో పువ్వు కనబడదు, ఒక రేకు ముక్క కనబడుతుంది. పలచటి నూలు గుడ్డ, సన్న అచ్చు కావాలి. ముందే తడిపి రంగు దిగుతుందేమో చూడాలి, ఎరుపునైతే మరీ.

తేడా ఎక్కడొచ్చిందో మొదట తెలియలేదు. టేపుని అనుమానించాను. స్టీలు స్కేలు పక్కన పెడితే పదంగుళాల దగ్గర టేపు రెండు మిల్లీమీటర్లు సాగి ఉంది. కానీ ముక్కలు కోసింది స్కేలుతోనే. తర్వాత గుడ్డని అనుమానించాను. మాధవరంలో మగ్గం చూసినవాళ్ళకి తెలుసు, పడుగు, అంటే నిలువు పోగులు, బిగదీసి ఉంటుంది, పేక, అంటే అడ్డపోగు, దాని మధ్య వంపులు తిరుగుతుంది. అందుకే గుడ్డ అంచు వెంబడి లాగితే సాగదు, అడ్డంగా కొంచెం సాగుతుంది, ఐమూలగా బాగా సాగుతుంది. నేను పొడవు పట్టీలన్నీ పడుగు వెంబడే కోశాను. గంజి కూడా పెట్టాను, పలచగా కాచి వడగట్టి. చిక్కగా పెడితే ఇస్త్రీ కింద మచ్చలు కడతాయి.

తేడా మడతలో ఉంది. అతుకు అంచుల్ని రెండు వైపులకీ పరిచి ఇస్త్రీ చేసినప్పుడు గుడ్డ దారం మీదుగా తిరుగుతుంది, ఆ తిరుగుడులోనే ఒక పోగు మందం పోతుంది. అందుకే పావు అంగుళానికి వెంట్రుకవాసి తక్కువలో కుట్టాలి. అసలు పని మొదలుపెట్టే ముందు అంగుళం పట్టీలు మూడు కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీ కొలవాలి. 12కీ 13 మిల్లీమీటర్లకీ మధ్య వస్తే సరి. తక్కువొస్తే మిషను ప్లేటు మీద ప్లాస్టరు అంటించి గుడ్డ ఆనే గీతని సూది వైపు జరపాలి. ఆ పరీక్ష నేను చేయలేదు.

ముక్కలు ఒక్కొక్కటీ కుట్టకూడదు, అది తప్పని తెలుసు. ముదురు, లేత, ముదురు రంగుల పట్టీలు పన్నెండేసి అంగుళాలవి కలిపి కుట్టి, అడ్డంగా అంగుళానికొకటి కోస్తే పది వరుసలు. లేత, ముదురు, లేత పట్టీలు ఆరేసి అంగుళాలవి కలిపితే అయిదు. అయిదు చదరాలకి సరిపోతాయి. పదకొండో నంబరు సూది, అంగుళానికి పన్నెండు పదమూడు కుట్లు. ప్రతిసారీ ఒక చిత్తుగుడ్డ మీద మొదలుపెట్టి అసలు ముక్క మీదికి రావాలి, లేకపోతే ప్లేటు కంత దాని మూలని లోపలికి లాక్కుంటుంది. కుట్టాక అతుకుని పావులో సగానికి కత్తిరించి రెండు వైపులకీ విప్పి ఇస్త్రీ పెట్టాలి. పెట్టెను ఎత్తి పెట్టాలి, రుద్దితే చదరం వంకర పోతుంది.

మా జేజి, అంటే నాయనమ్మ, కుట్టే బొంతకీ దీనికీ సంబంధం లేదనే నిన్నటిదాకా అనుకున్నాను. ఎండాకాలం పొద్దుగూకినాక మిద్దె మీద పాత చీర పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టేది. లోపల పంచెలు, చిరుగు చీరలు, పైన ఇంకో చీర. దబ్బనంతో అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేది. ఒక్కో చుట్టుకీ అరచేత్తో గుడ్డని నిమిరేది, ఉబ్బు నడిమికి చేరకుండా. దూది పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. దూది ఎందుకు పెట్టవంటే "ఉతికితే ఉండ కడతాది పాపా" అనేది. చలికాలం ఆ బొంత ఒంటికి అతుక్కుని ఉండేది, ఎక్కడా లేచి నిలబడేది కాదు. పాత నూలు మెత్తదనం అది.

చిన్న బొంతకి కావాల్సింది సరిగ్గా అదే. లోపల పెట్టడానికి నేను కొన్న ఫైబర్ షీటు పెడితే ఆరంగుళాల బొంత దిండులా లేస్తుంది, మంచం అంచున వాలదు. ఉతికి ఉతికి పలచబడిన చీర ముక్క ఒక్క పొర చాలు. కుట్టు మాత్రం నడిమి నుంచి అంచుకి రావాలి. ఉబ్బు అంచుకి చేరినా ఇక్కడ మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యొచ్చు, జేజికి ఆ వీలు లేదు. కుట్లు మరీ దగ్గరగా వేస్తే అట్టలా బిగుసుకుంటుంది.

చదరాలన్నీ విప్పేద్దామనే కూర్చున్నాను. మొదటిది కాస్త విప్పగానే అంచు పోగులు లేచాయి. పావులో సగం అతుకు రెండోసారి సూదికి ఆగదు. అయిదింటినీ మళ్ళీ కొలిచాను. అన్నీ 48. ఒకే పట్టీల్లోంచి వచ్చాయి కాబట్టి తప్పు అన్నిట్లో ఒకటే. తగ్గించాల్సింది సాదా చదరాలనే. నాలుగింటినీ 48కి కోశాను. బొంత వెడల్పులో పోయినదాన్ని చుట్టూ వేసే అంచు పట్టీలో పెంచుకోవచ్చు.

తొమ్మిదీ ఫ్లానెల్ గుడ్డ మీద పేర్చాను, నూలు దానికి అతుక్కుని కదలదు. ఫ్యాను వేశాను. ఒక్కటీ లేవలేదు. అంచు మడతకి ముప్పావు అంగుళం పట్టీ, ఒంటి మడతే. రెండు మడతలు పెడితే తాడులా లావవుతుంది. అది రేపు.