మ్యూనిక్ వేరుకాపురాలు: నెట్ విజువల్ ఆర్ట్స్ ప్రిపరేషన్‌లో నాకు పనికొచ్చిన దారి

మొదటిసారి నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రాసినప్పుడు రెండు జర్మన్ చిత్రకారుల బృందాలను తారుమారు చేశాను: మ్యూనిక్‌లోని ‘బ్లూ రైడర్’ను డ్రెస్డెన్‌కు, డ్రెస్డెన్‌లోని ‘బ్రూకె’ను మ్యూనిక్‌కు పంపించి వచ్చాను. గోడకు అంటించిన చార్టులో రెండూ ఎక్స్‌ప్రెషనిజం (కంటికి కనిపించేదానికన్నా లోపలి భావానికి పెద్దపీట వేసే కళాధోరణి) కిందే ఉండేవి. పేర్లు వచ్చాయి, ఊళ్లు కలిసిపోయాయి.

రెండోసారి ఇజాల పట్టిక చింపేసి, ఒక్క మ్యూనిక్‌నే పట్టుకున్నాను. ఆ ఊరి కథంతా ఉమ్మడి కుటుంబంలో వేరుకాపురాల కథే. 1892లో పాత కళాకారుల సంఘంతో పడక కొందరు విడిపోతే అది సెసెషన్. చిత్రకారుడు ఫ్రాంజ్ ఫాన్ స్టుక్ అందులోని వాడే. తర్వాత రష్యా నుంచి వచ్చిన చిత్రకారుడు కాండిన్‌స్కీ, మరో చిత్రకారుడు క్లే ఆయన దగ్గరే చదువుకున్నారు. 1896ను మాత్రం కంఠస్థం చేయండి: ‘యూగెంట్’ పత్రిక మొదలైంది, యూగెంట్‌స్టీల్‌కు (ఆర్ట్ నూవోకు జర్మన్ రూపమైన అలంకార శైలికి) పేరు దాని నుంచే, వ్యంగ్య చిత్రాల ‘సింప్లిసిసిముస్’ కూడా అప్పుడే, కాండిన్‌స్కీ మ్యూనిక్ చేరిందీ ఆ ఏడే. 1901లో ఆయన ‘ఫాలాంక్స్’ అనే కళాకారుల బృందం పెట్టాడు. అకాడమీలో ఆడవాళ్లకు ప్రవేశం లేని రోజులవి. చిత్రకారిణి గాబ్రియేలె మ్యూంటర్ ఫాలాంక్స్ నడిపిన బడిలో చేరడానికి అదే కారణం.

అసలు తగాదా 1911లో. కాండిన్‌స్కీయే తొలి అధ్యక్షుడిగా 1909లో మొదలైన కొత్త కళాకారుల సంఘం ఆయన ‘కంపోజిషన్ 5’ను ప్రదర్శనకు తీసుకోలేదు. నాలుగు చదరపు మీటర్లు దాటకూడదని నియమం. ఆ చిత్రం అయిదు దాటింది. కొలత ఒక సాకు. అమూర్త చిత్రాలు (గుర్తుపట్టే వస్తువుల రూపం లేనివి) మింగుడుపడకపోవడమే లోపలి సంగతి. హేతువు అడిగే ప్రశ్నల్లో ఈ తేడానే పట్టుకుంటారు, నేను ఒకసారి దెబ్బతిన్నాను. డిసెంబరు 2న కాండిన్‌స్కీ, చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్, మ్యూంటర్ బయటికొచ్చారు. 18న థాన్‌హౌజర్ గ్యాలరీలో ‘బ్లూ రైడర్’ తొలి ప్రదర్శన తెరిచారు. వదిలి వచ్చిన సంఘం ప్రదర్శన కూడా అప్పుడు అదే గ్యాలరీలో! పంతమంటే అది. ‘బ్లూ రైడర్’ వాళ్ల అల్మనాక్ (కళా వ్యాసాలు, చిత్రాల సంకలనం) 1912 మేలో వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆ బృందంలోని మాకె 1914లో, మార్క్ 1916లో పోయారు. నాజీల కాలమంతా ముర్నౌ అనే ఊళ్లోని తన ఇంటి నేలమాళిగలో బృందం చిత్రాలను దాచి, 1957లో మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియానికి ఇచ్చింది మ్యూంటర్. ప్రశ్నగా వస్తుందో రాదో కానీ, ఆమె వల్లే నాకు ఈ అధ్యాయం మీద ఇష్టం పుట్టింది.

ఇక డ్రెస్డెన్: 1905, నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు, బ్రూకె. దానికి వేరే నోటుపుస్తకం పెట్టాను.