భక్తి చెయ్యాలట!

ఎనిమిదిన్నర సీరియల్లో (ఆ టైముకి మా ఇంట్లో రిమోట్ ఎవరిదో మీకు తెలిసిందే) గడ్డం ఋషి చెయ్యెత్తి "శివుడికి భక్తి చెయ్యి నాయనా" అన్నాడు. హిందీలో 'భక్తి కరో' అంటే బాగానే ఉంటుంది. డబ్బింగులో దాన్ని అలాగే దించేశారు. పదకొండైంది, ఇంకా చెవిలో గుచ్చుకుంటోంది.

తెలుగులో భక్తి ఉంటుంది, పుడుతుంది, కుదురుతుంది. "ఆవిడకి భక్తి ఎక్కువ" అంటాం, ఆకలి, కోపం, భయం లాగే. 'కి' తగిలేది భక్తి ఉన్న మనిషికి. దేవుడికి కావలసింది 'మీద', 'అంటే', పద్యంలోనైతే 'యందు'. "శివుడికి భక్తి" అంటే శివుడే ఎవరినో కొలుస్తున్నాడని అర్థం! సమాసంలోనూ ఇదే చిక్కు. హనుమంతుడి భక్తి అంటే ఆయనకు రాముడి మీద ఉన్నది. హనుమద్భక్తి అంటే మనకు ఆయన మీద ఉన్నది. చిన్న తేడాకే మనిషీ దేవుడూ తారుమారు.

డు, ము, వు, లు ప్రథమా విభక్తి. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా... ఊగుతూ అప్పజెప్పిన ఆ పాఠం ఇంకా నోట్లోనే ఉంది. కి, కు, యొక్క దగ్గరికొచ్చేసరికి క్లాసంతా గొంతు పెంచేది. ఆ విభక్తిలోనూ ఉన్నది ఈ భక్తే. 'భజ్' ధాతువుకు పంచడం, పాలు పొందడం, సేవించడం అని అర్థాలు. భాగం, భాగ్యం, విభజన, భజన అన్నీ ఆ ఇంటివే. అమరకోశంలో 'భక్తం' అంటే వండిన అన్నం.

సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దగ్గరైతే ఇంకా తమాషా. 4.3.95 సూత్రం 'భక్తిః': ఎవరికి దేని మీద మనసో చెప్పే ప్రత్యయాలు అక్కడ మొదలవుతాయి. ఆ వెంటనే 96కి వ్యాఖ్యాతలిచ్చే ఉదాహరణలు ఆపూపికుడు, పాయసికుడు. అప్పాల భక్తుడు, పాయసం భక్తుడు అన్నమాట. వాసుదేవుడూ అర్జునుడూ వచ్చేది 98లో! పాయసం తర్వాతే.

ఇక్కడే నా కోపం కాస్త సడలింది. భజన చేస్తాం, సేవ చేస్తాం, పూజ చేస్తాం. మర్యాదైతే ఉంటుంది కూడా, చేస్తాం కూడా. ధాతువే సేవించడం అంటుంటే భక్తి చేస్తే తప్పేముంది? 'చెయ్యి'ని క్షమించేశాను. 'శివుడికి'ని మాత్రం క్షమించలేను. 'శివుడి మీద' అంటే తెర మీది పెదాలతో మాట కలవదని భయమా?

అయినా భజన గతి చూశాం కదా. చేసీ చేసీ, ఇప్పుడు "భజన చేస్తున్నాడు" అంటే పై ఆఫీసరు దగ్గర కాకా పడుతున్నాడనే.

అన్నట్టు, భక్తికి వికృతి బత్తి. అగరుబత్తిలో ఉన్నది ఆ బత్తి కాదు. అది 'వర్తి' నుంచి హిందీ మీదుగా వచ్చింది, మన దీపపు వత్తికి చుట్టం. రేపు పొద్దున్న పూజగదిలో ఈ మాటంటే ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఇక్కడే రాసేశాను.