క్యూ ఉండి యు లేనప్పుడు: నా స్క్రాబుల్ పదాల సాధన ఎక్కడిదాకా వచ్చిందంటే

స్క్రాబుల్ అంటే ఒక్కో అక్షరం ఉన్న టైల్స్‌ని (చిన్న బిళ్లల్ని) బోర్డు మీద పేర్చి పదాలు కట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట. ఇది ఆడేవాళ్లకి పదాల జాబితాలకేం కొరత లేదు. ఆటలో చెల్లే పదాలతో కాలిన్స్ నిఘంటువు వారు వేసే జాబితా 2019 ఎడిషన్ ఒక్కదాంట్లోనే 2,79,000 పైచిలుకు పదాలున్నాయి. వాటిని ఏ వరసలో నేర్చుకోవాలన్నదే అసలు సమస్య. నేను ఏ నుంచి జెడ్ దాకా చదవడం పక్కన పెట్టేసి, ర్యాక్‌లో (మన ఏడు టైల్స్ పెట్టుకునే చట్రంలో) ఇబ్బంది పెట్టే అక్షరం ఏదో చూసుకుని, ఆ అక్షరం ఉన్న పదాలన్నీ ఒక గుంపు చేసి నేర్చుకుంటున్నాను. ఈ మధ్య పూర్తయింది క్యూ గుంపు, నాకు బాగా నచ్చింది కూడా అదే, అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

మొత్తం 100 టైల్స్‌లో క్యూ ఒక్కటే, దాని విలువ 10. యు టైల్స్ నాలుగే. అంటే క్యూ చేతికొచ్చినప్పుడు పక్కన యు లేకపోవడం మామూలే. యు కోసం కాచుకుని కూర్చుంటే ర్యాక్‌లో ఆరు అక్షరాలతోనే ఆట సాగించాలి, పైగా ఆట ముగిసేసరికి క్యూ ఇంకా మన చేతిలోనే ఉండి అవతలివాళ్లు టైల్స్ అన్నీ వాడేస్తే మనకి 10 పోయి వాళ్లకి 10 కలుస్తాయి. ఇరవై పాయింట్ల తేడా అంటే చిన్నదేం కాదు, దగ్గరి పోటీలో ఆటే పోతుంది.

యు లేని క్యూ పదాలు మొదట్లో ఎంత చదివినా నిలిచేవి కావు. వరసగా చూస్తుంటే ఒకటి కనబడింది: వీటిలో చాలావాటికి కె తో రాసే జోడీ ఉంది, జాబితాలో రెండూ చెల్లుతాయి. ఫకీర్ అన్న పదాన్ని ఎఫ్-ఏ-కె-ఐ-ఆర్ అని రాయొచ్చు, కె తీసి క్యూ పెట్టినా సరే. షెకెల్ కూడా అంతే. తలాక్ చివరి కె, ఖాజీని కె-ఏ-డి-ఐ అని రాసేటప్పటి మొదటి కె, హీబ్రూ అక్షరం పేరైన కోఫ్, మత్తుమందుకి పొట్టిపేరైన ట్రాంక్, ఆఖరికి రెండక్షరాల కె-ఐ కూడా, అన్నిట్లో కె స్థానంలో క్యూ కూర్చుంటుంది. ఇది కనబడ్డాక నేర్చుకోవాల్సిన భారం సగం తగ్గిపోయింది. తెలుగువాళ్లకి ఇంకో లాభం, తలాక్, ఫకీరు, వక్ఫ్, ఖాజీ లాంటివి రోజూ చెవిన పడే మాటలే, అర్థం వెతుక్కోనక్కర్లేదు. న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు కాబట్టి అర్థం తెలియాలన్న రూలేమీ లేదు, కానీ నాకు మాత్రం అర్థం తెలిసిన పదమే టైమ్ తక్కువున్నప్పుడు ముందు తడుతుంది.

ఒక జాగ్రత్త. బురఖాకి కూడా క్యూ రూపం ఉంది, ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్‌ల తోలు పడవ ఊమియాక్‌కీ ఉంది. వీటిలో క్యూ వెంట యు రాదు గానీ పదంలో మరోచోట యు ఉంటుంది. యు అసలే లేని గుంపులో వీటిని కలిపేస్తే ఆటలో తికమక అవుతుంది, వేరే కార్డు మీద రాసుకోండి.

ఆడేటప్పుడు అన్నిటికన్నా పనికొచ్చేవి ముందు తగిలించే హుక్స్, అంటే ఉన్న పదానికి ఒక అక్షరం తగిలిస్తే ఇంకో పదం అయ్యేవి. బోర్డు మీద ఏ-టి ఉంటే ముందు క్యూ పెట్టండి, పదమైపోతుంది. ఏ-ఐ-డి ఉన్నా అంతే. ఇక క్యూ-ఐ సంగతి. బోర్డు మీద అడ్డంగా ఎస్-కె-ఐ ఉందనుకోండి, చివరి ఐ కి సరిగ్గా పై గడి ట్రిపుల్ లెటర్ (అందులో పెట్టిన అక్షరం విలువ మూడింతలవుతుంది), చుట్టుపక్కల ఖాళీ. అక్కడ క్యూ పెట్టి దాని కుడిపక్కన మీ దగ్గరున్న ఐ పెడితే అడ్డంగా ఒక క్యూ-ఐ, నిలువుగా ఒక క్యూ-ఐ. క్యూ 30, ఐ 1, అలా రెండుసార్లు, మొత్తం 62. రెండే రెండు టైల్స్‌తో! అందుకే క్యూ చేతిలో ఉన్నంతసేపూ ఐ ని వదలను, చివర ఐ ఉన్న పదం బోర్డు మీద ఎక్కడుందా అని ముందే చూసి పెట్టుకుంటాను.

జె గుంపు ఇప్పుడు సగంలో ఉంది. దీని విలువ 8. ఇంగ్లీషులో జె తో ముగిసే పదాలు తక్కువ కాబట్టి హజ్, రాజ్, తాజ్, స్వరాజ్ దొరికితే నాకు పండగే. మొదటి మూడింటికీ చివర ఒట్టి ఎస్ తగలదు, ఇ-ఎస్ కావాలి, ఇది గుర్తుంచుకుంటే అవతలివాళ్లు తప్పు బహువచనం పెట్టినప్పుడు ధైర్యంగా ఛాలెంజ్ చేయొచ్చు. రాజ్ చివర ఏ పెడితే రాజా, హజ్ చివర ఇంకో జె గానీ ఐ గానీ పెట్టొచ్చు.

రెండక్షరాల పదాలు కాలిన్స్ 2019లో 127, అవి ముందే అయిపోయాయి, వి ఉన్నది వాటిలో ఒక్కటీ లేదు. అచ్చులెక్కువైతే అడియూ, ఆడియో, అచ్చులే లేకపోతే సి-డబ్ల్యూ-ఎమ్, ఎన్-టి-హెచ్, టి-ఎస్-కె. ఈ గుంపులు చిన్నవి, రెండుసార్లు కూర్చుంటే అయిపోతాయి.

సాధన ఎలాగంటే, కార్డు ముందువైపు పదం రాయను, దాని అక్షరాలు ఏ-బి-సి వరసలో పేర్చి రాస్తాను, వెనకవైపు జవాబులు, వాటి హుక్స్. వెంటనే తట్టిన కార్డు వారానికోసారి చూసే డబ్బాలోకి, తట్టనిది మర్నాటికి. ఫోన్‌లో చేయాలనుకుంటే జిజివా అనే ప్రోగ్రామ్ ఇదే పని చేస్తుంది, ఏ అక్షరాలు ఉండాలో ఏవి ఉండకూడదో చెప్తే గుంపు అదే తీసిస్తుంది. ఆ పేరు కూడా చెల్లే పదమే, ఒక రకం పురుగు, కాకపోతే అందులో జెడ్ మూడుసార్లు వస్తుంది, ఉన్న జెడ్ టైల్ ఒక్కటే కాబట్టి రెండు బ్లాంకులూ (ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ టైల్స్) చేతిలో ఉంటేనే పెట్టగలం.

జె అయ్యాక బింగోల మీద పడతాను, ఏడు టైల్స్ ఒకేసారి పెడితే 50 బోనస్ కదా. టి-ఐ-ఎస్-ఏ-ఎన్-ఇ అన్న ఆరక్షరాలతో మొదలు. వీటికి ఆర్ కలిస్తే రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్, డి కలిస్తే ఇన్‌స్టెడ్, డిటెయిన్స్, స్టెయిన్డ్, జి కలిస్తే సీటింగ్, టీజింగ్, వి కి నేటివ్స్, ఎమ్ కి ఇన్‌మేట్స్. ఈ అయిదు అక్షరాల కార్డులు రాసేశాను, మిగతా అక్షరాలు వచ్చే నెలలో.