పది రోజుల విపశ్యనకు ముందు మోకాళ్ల సంగతి చూసుకోండి

పది రోజులు మౌనంగా ఉండి ధ్యానం నేర్చుకునే విపశ్యన శిబిరానికి వెళ్లాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: పది రోజులు మాట్లాడకుండా ఉండగలమా? ఉండగలరు. రెండో రోజుకల్లా మౌనం హాయిగానే అనిపిస్తుంది, పక్కవాడికి జవాబు చెప్పే పని తప్పినందుకు. అసలు ఇబ్బంది పెట్టేవి మోకాళ్లు, పొట్ట, నిద్ర. నెల ముందు నుంచే వీటిని దారికి తెచ్చుకున్నవాళ్లకు అక్కడ చెప్పే సాధన మీద దృష్టి నిలుస్తుంది. లేదంటే పది రోజులూ కాలి నొప్పితో కుస్తీ పట్టడమే సరిపోతుంది.

విపశ్యన ఆచార్యులు ఎస్.ఎన్. గోయెంకా గారి సంప్రదాయంలో నడిచే శిబిరాల గురించే ఇక్కడ చెబుతున్నది. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని ఆయన 1969లో ఇండియాకు వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. హైదరాబాద్ శివార్లలో, సాగర్ రోడ్డు మీద గుర్రంగూడ దగ్గరున్న ధమ్మ ఖేత్త కేంద్రం 1976 నాటిది. నాగార్జున సాగర్‌లో ధమ్మ నాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ ఉన్నాయి. ఫీజు ఉండదు. శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతోనే నడుస్తాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. సీటు వచ్చాక కూడా వస్తున్నట్టు మళ్లీ ఖాయం చేయమని చాలా కేంద్రాలు అడుగుతాయి. ఆ మెయిల్ చూసుకోకపోతే సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. శిబిరం ఏ భాషలో నడుస్తుందో కూడా దరఖాస్తు పెట్టేటప్పుడే చూసుకోండి. సాయంత్రం ప్రవచనం బోధపడకపోతే మర్నాటి సాధన సగం అర్థం కాదు.

రోజు ఇలా ఉంటుంది. తెల్లవారుజాము 4 గంటలకు గంట మోగుతుంది. 4:30 నుంచి 6:30 దాకా ధ్యానం, తర్వాత టిఫిను. 8 నుంచి 11 దాకా మళ్లీ ధ్యానం, 11కి భోజనం. 1 నుంచి 5 దాకా ధ్యానం, 5కి టీ. 6 నుంచి 7 దాకా కూర్చున్నాక ప్రవచనం, ఆపైన ఇంకో ముప్పావు గంట. 9:30కి దీపాలు ఆర్పేస్తారు. కూడితే రోజుకు పదిన్నర గంటలు దాటుతుంది. ఇందులో ఉదయం 8కి, మధ్యాహ్నం 2:30కి, సాయంత్రం 6కి జరిగే మూడు సామూహిక ధ్యానాలకు అందరూ హాల్లో ఉండి తీరాలి.

మొదటి మూడున్నర రోజులు ఆనాపాన. ముక్కుపుటాల దగ్గర, పై పెదవి పైన ఉన్న చిన్న చోట శ్వాస తాకడాన్ని గమనించడమే పని. శ్వాసను లాగకూడదు, ఆపకూడదు. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు: తెలియకుండానే ఊపిరిని పొడుగు చేస్తుంటారు. స్పర్శ అసలు తెలియకపోతే రెండు మూడు శ్వాసలు కాస్త గట్టిగా పీల్చి, మళ్లీ మామూలుగా వదిలేయాలి. నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన, అంటే ఒంట్లో కలిగే స్పర్శలను గమనించే అసలు సాధన, నేర్పుతారు. దాదాపు రెండు గంటలు హాల్లోంచి లేవకూడదు కాబట్టి నీళ్లు అలవాటుగా తాగేసి లోపలికి వెళ్లకండి. అక్కడి నుంచి సామూహిక ధ్యానాలన్నీ అధిష్ఠానాలే: గంటసేపు కళ్లు తెరవకుండా, చేతులు విప్పకుండా, కాళ్లు కదపకుండా కూర్చోవాలి.

ఆ గంట కోసమే మోకాళ్ల తయారీ. నాలుగు వారాలు చాలు. మొదటి వారం పొద్దున, సాయంత్రం 20 నిమిషాల చొప్పున నేల మీద కూర్చోండి. రెండో వారం 30, మూడో వారం 40, ఆఖరి వారం రోజుకు ఒక్కసారైనా 60. ధ్యానమే చేయక్కర్లేదు, కూరగాయలు తరుగుతూ కూర్చున్నా ఫలితం ఉంటుంది.

ఎలా కూర్చుంటున్నారో మాత్రం చూసుకోవాలి. బాసింపట్టు వేసుకున్నప్పుడు పిరుదులు మోకాళ్ల కంటే ఎత్తులో ఉండాలి. గట్టి దిండు, దాని కింద మడతపెట్టిన దుప్పటి, మొత్తం నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు. దిండు మధ్యలో కాకుండా ముందు అంచు వైపు కూర్చుంటే నడుము దానంతటదే నిలబడుతుంది. దిండు పల్చనైతే నడుము వెనక్కి వంగి, అరగంటకే వీపు పట్టేస్తుంది. మరీ ఎత్తైతే బరువంతా మోకాళ్ల మీదికి, చీలమండల మీదికి జారుతుంది. ఒక మోకాలు నేలకు ఆనక గాల్లో వేలాడుతుంటే దాని కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. ఆ వేలాడే మోకాలే ఐదో రోజుకు పగ తీర్చుకుంటుంది. ఏ కాలు ముందు అన్నది పూటపూటకూ మార్చండి.

కాలు తిమ్మిరెక్కి, లేచాక రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే భయం లేదు. మోకాలి లోపలి వైపు సూదిలా పొడిస్తే మాత్రం ఓర్చుకోవడం గొప్ప కాదు, భంగిమ మార్చండి. వజ్రాసనంలో కాళ్ల మధ్య రెండు దిండ్లు పెట్టుకోవచ్చు. ఆపరేషన్ అయినవాళ్లు, వయసు పైబడినవాళ్లు కుర్చీ కావాలని దరఖాస్తులోనే రాయాలి. ఇంకోటి: గంట పూర్తవగానే చటుక్కున లేవకండి. తిమ్మిరి కాలు నేల మీద సరిగ్గా ఆనదు, చీలమండ మడతపడుతుంది. కాళ్లు చాపి, వేళ్లు ఆడించి, స్పర్శ వచ్చాకే లేవాలి.

ఇక పొట్ట. 11కి భోజనం అయితే మళ్లీ తిండి మర్నాడు 6:30కి, అంటే పంతొమ్మిదిన్నర గంటలు. మధ్యలో సాయంత్రం 5కి కొత్త సాధకులకు టీతో పాటు పండో, గుప్పెడు మరమరాలో ఇస్తారు. ముందే ఒక శిబిరం చేసిన పాత సాధకులకు నిమ్మరసమే. రాత్రికి ఉండదన్న భయంతో 11కి రెండింతలు లాగిస్తే 1 నుంచి 2:30 వరకు కూర్చున్నది ధ్యానం కాదు, కునుకు. ముప్పాతిక పొట్టే తినండి. రెండో రాత్రి నుంచి ఆకలి సర్దుకుంటుంది. నీళ్లు తక్కువ తాగి, నడక తగ్గించి, మూడో రోజుకు మలబద్ధకం తెచ్చుకునేవాళ్లు చాలామంది. భోజనం తర్వాత కేంద్రం హద్దుల్లోపల చెట్ల కింద ఇరవై నిమిషాలు నడవండి. యోగాసనాలు, జాగింగ్ అక్కడ కుదరవు. ఫిల్టర్ కాఫీ మూడు పూటలా తాగేవాళ్లు వారం ముందు నుంచే తగ్గించుకుంటూ రావాలి. లేకపోతే మొదటి రెండు రోజుల తలనొప్పి కాఫీదేనని గ్రహించక ధ్యానం మీద నెపం వేస్తారు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ తిండి వేళలు డాక్టరుకు చూపించి మందుల సంగతి తేల్చుకోవాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లకు రాత్రి భోజనం లేకపోతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మోతాదు సొంతంగా మార్చొద్దు. ఫారంలో దాచిపెట్టడం మరీ తప్పు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు ఈ శిబిరం తగదు. "ధ్యానంతో తగ్గిపోతుంది" అని ఇంట్లోవాళ్లు నచ్చజెప్పి పంపడం అన్యాయం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా పాత జ్ఞాపకాలు ఎగదన్నుకొచ్చి ఏడుపు రావచ్చు. మధ్యాహ్నం 12 నుంచి 1 మధ్య సహాయక ఆచార్యుల్ని కలిసి చెప్పవచ్చు. మౌనం ఉన్నది తోటి సాధకులతోనే.

నిద్రకు దొరికేది ఆరున్నర గంటలు. వారం ముందు నుంచి రాత్రి పదికల్లా పడుకుని నాలుగున్నరకు లేవడం అలవాటు చేసుకోండి. ఐదారు రోజులయ్యాక కొందరికి నిద్ర బాగా పల్చబడుతుంది. కళ్లు మూసుకుని పడుకోండి చాలు, గడియారం చూసి కంగారుపడకండి.

చెట్లూ పొదలూ ఉన్న చోటు కాబట్టి సర్దుకోవడంలో కొన్ని మెలకువలు. శిబిరంలో అందరూ పాటించాల్సిన ఐదు నియమాలు, పంచశీలాల్లో మొదటిది ప్రాణిహింస చేయకపోవడం, దోమ కూడా ప్రాణే. చేత్తో చరిచే వీల్లేదు కాబట్టి దోమతెర తప్పనిసరి. బ్యాగులో బిస్కెట్లు దాచుకుంటే చీమల బారు మంచం దాకా వస్తుంది. తెల్లవారుజామున హాలుకు నడిచేటప్పుడు టార్చి వేసుకుని కాలిబాట మీదే వెళ్లండి, వానాకాలంలో పాములు తిరుగుతాయి. చెప్పులు రోజుకు ఎన్నోసార్లు విడవాలి, లేసుల బూట్లు దండగ. శాలువా, గొడుగు, వదులు బట్టలు చాలు. పుస్తకం, పెన్ను, జపమాల, తాయెత్తు ఇంట్లో పెట్టి రండి.

పదో రోజు ఉదయం మంగళ మైత్రి (అందరి మేలు కోరే ధ్యానం) నేర్పాక మౌనం విడుస్తారు. ఒక్కసారిగా అందరూ మాట్లాడటంతో ఆ సాయంత్రం ధ్యానం కుదరదు, అది మామూలే. పదకొండో రోజు ఉదయం ఏడున్నర ప్రాంతంలో శిబిరం ముగుస్తుంది. అదే రోజు ఆఫీసు పెట్టుకోకండి, దూరప్రయాణానికి సొంతంగా కారు నడపకండి. ట్రాఫిక్ హారన్లు చెవిలో మేకుల్లా దిగుతాయి. ఫోను మొదటి రోజు అప్పగించే ముందు సైలెంట్‌లో పెట్టి ఊరుకోకుండా పూర్తిగా ఆఫ్ చేయండి. లేకపోతే పదకొండో రోజు గేటు బయట, చచ్చిన ఫోనుతో, క్యాబ్ కోసం ఎవరిదో ఛార్జర్ అడుక్కోవాల్సి వస్తుంది.