గట్టు మీది గుంటనక్క

పోయిన నెల పొద్దున్నే కోళ్ల గంప ఎత్తి చూస్తే మూడు పిల్లలు లేవు. గంప అంచు కింద మట్టి గోకి ఉంది. కడుపు మండిపోయింది. పక్క చేను మామ అయితే, "మందు కలిపిన మాంసం పెట్టు అల్లుడూ, ఒక్క రాత్రిలో నక్క పీడ పోతుంది" అన్నాడు. నిజం చెప్తున్నా, ఆ రోజు నాకూ పెట్టాలనే అనిపించింది.

సాయంత్రం గట్టు రాయి మీద ఎండిన నక్క పెంటిక కనిపిస్తే పుల్లతో విడదీశాను. ఎలుక వెంట్రుకలు, పురుగుల నల్లటి రెక్కలు, రేగి గింజలు. కోడి ఈక ఒక్కటీ లేదు. పిల్లల్ని అదే ఎత్తుకెళ్లి ఉండొచ్చు, కాదనను. కానీ మా అనంతపురం వైపు వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టే వేళ ఎలుకలు చేసే నష్టం ముందు మూడు కోడిపిల్లలు ఎంత?

పైగా మందు పెడితే నక్క ఒక్కటే తింటుందా? ఊరి కుక్కలు, గద్దలు కూడా పోతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుంటనక్కను చంపడం నేరం కూడా.

గంప తీసేసి కింద బండలు పరిచి, చుట్టూ సన్న జాలీతో గూడు కట్టాను. ఒకవేళ నక్క పట్టపగలు తూలుతూ మనుషుల మీదికి వస్తే మాత్రం పిచ్చి పట్టిందేమోనని భయపడాలి, వెంటనే ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తాను.

నిన్న బొరియ దగ్గర తోక చివర నల్లకుచ్చు కనిపించింది. వెనకాలే రెండు పిల్లలు.