నీట్ బయాలజీ: పుస్తకం మూసి రాయడం మొదలుపెట్టాకే నా మార్కులు కదిలాయి

రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి జూనియర్లందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, ఎన్‌సీఈఆర్‌టీ టెక్స్ట్‌బుక్ ఎన్నిసార్లు చదివావు?" ముందు ఆ ప్రశ్న మానుకోండి. బయాలజీకి 90 ప్రశ్నలు, 360 మార్కులు, అంటే పేపర్‌లో సగం. పుస్తకం అందరి చేతిలోనూ అదే. ఏ పేజీలో ఏ లైన్ ఉందో గడగడా అప్పజెప్పేవాళ్ళు మా బ్యాచ్ నిండా ఉండేవాళ్ళు. అదే లైన్‌ని కాస్త మెలిపెట్టి స్టేట్‌మెంట్ 1, స్టేట్‌మెంట్ 2 అని ఇస్తే చాలు, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడేవాళ్ళం.

ఫస్ట్ అటెంప్ట్‌లో నాకు సీటు రాలేదు. లాంగ్ టర్మ్‌లో (మళ్ళీ నీట్ రాయడానికి ఏడాది పాటు తీసుకునే కోచింగ్) చేరాక సెల్ సైకిల్ చాప్టర్ దగ్గర నా చదువు మలుపు తిరిగింది. ఉల్లి వేరు కొన కణంలో 16 క్రోమోజోములు ఉంటే జీ1లో (డీఎన్‌ఏ రెట్టింపయ్యే ముందు దశ) ఎన్ని, ఎస్ ఫేజ్ (డీఎన్‌ఏ రెట్టింపయ్యే దశ) తర్వాత ఎన్ని, ఎం ఫేజ్ (కణం విడిపోయే దశ) తర్వాత ఎన్ని అని పాఠం మధ్యలోనే అడుగుతారు గుర్తుందా? చాలామంది దాటేసే ప్రశ్న అది. ఒకరోజు పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద మూడు గడులు గీశాను: దశ, క్రోమోజోములు, డీఎన్‌ఏ.

జీ1లో 16 క్రోమోజోములు, డీఎన్‌ఏ 2సీ (రెట్టింపు కాని ఒక సెట్ క్రోమోజోముల్లో ఉండే డీఎన్‌ఏ 1సీ). ఎస్ ఫేజ్ అయ్యేసరికి డీఎన్‌ఏ 4సీ అయింది, క్రోమోజోములు మాత్రం 16 దగ్గరే ఉన్నాయి. ఎందుకని? అక్కడ ఆగి క్రోమోజోము బొమ్మ వేశాను. క్రొమాటిడ్లు (ఒకేలాంటి పోగులు) రెండు, వాటిని కలిపి పట్టుకునే సెంట్రోమియర్ ఒకటే. లెక్కపెట్టాల్సింది సెంట్రోమియర్లని! అనాఫేజ్‌లో (ఎం ఫేజ్‌లో ఒక దశ) అవి చీలతాయి కాబట్టి అప్పటికి కణంలో 32. విభజన పూర్తయ్యాక ఒక్కో కణానికి మళ్ళీ 16, 2సీ. ఆ ఊపులోనే అదే ఉల్లి పుప్పొడి మాతృకణానికి మియాసిస్ (క్రోమోజోముల్ని సగం చేసే విభజన) కూడా వేశాను. అనాఫేజ్ 1లో సెంట్రోమియర్ చీలదు, హోమోలోగస్ జతలు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జోడీలు) విడిపోతాయంతే. అందుకే మియాసిస్ 1 తర్వాత 8 క్రోమోజోములు, 2సీ. మియాసిస్ 2 తర్వాత 8, 1సీ. ఇక ఏ జీవిని ఇచ్చి, ఏ దశలో అడిగినా నేను తడుముకోలేదు.

ఆ తర్వాత ప్రతి పట్టికనీ అలాగే పట్టుకున్నాను. శ్వాసక్రియలో పీడనాల టేబుల్ చూడండి. వాయుగోణుల్లో (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులు) ఆక్సిజన్ పీడనం 104 mm Hg, అక్కడికి వచ్చే రక్తంలో 40. తేడా 64. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో 45, వాయుగోణుల్లో 40. తేడా 5 మాత్రమే! అంత చిన్న తేడాతో అది బయటికి ఎలా పోతోంది? దాని కరిగే గుణం ఆక్సిజన్ కంటే 20-25 రెట్లు ఎక్కువని ఆ కింద ఉన్న లైనే జవాబు. ఆ రెండూ కలిపి చదివితే అసర్షన్-రీజన్ ప్రశ్న (ఒక వాక్యం, దానికి కారణం ఇచ్చి సరైనవేనా అని అడిగేది) మీ చేతిలోనే తయారవుతుంది.

ప్లాంట్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్ ఉదాహరణలకు ఇదేమీ పనికిరాదు. అవి బట్టీయే, రోజూ కొంచెం కొంచెం. సీనియర్ల పాత మెటీరియల్ తీసుకునేవాళ్ళు 2024లో సిలబస్ మారిందని మర్చిపోవద్దు. జీర్ణవ్యవస్థ, ఖనిజ పోషణ లాంటివి తీసేశారు. వాటి మీద రాత్రుళ్ళు పాడుచేసుకోకండి.

లాంగ్ టర్మ్ గురించి కూడా చెప్పాలి. "ఆడపిల్లకి ఇంకో ఏడాది ఎందుకు, బీఎస్సీలో చేర్పించెయ్యండి" అని మా ఇంటికొచ్చి చెప్పినవాళ్ళున్నారు. ఆ ఏడాది వృథా కాదు. ఇంటర్‌లో ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్షలు) కోసం ఎనిమిది మార్కుల జవాబులు రాస్తూ, సాయంత్రం నీట్ మాడ్యూల్స్ తిప్పుతూ పరిగెత్తిన నాకు, ఒక పాఠం దగ్గర ఆగి ఆలోచించే తీరిక మొదటిసారి దొరికింది అక్కడే. నేను ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేశాను. పెళ్ళిళ్ళకీ పండగలకీ వెళ్ళలేదు. ఎవరెన్ని అన్నా, తెల్లవారుజామున లేచి ఒక కాగితం నింపకుండా టిఫిన్ ముట్టలేదు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మూడ్ బాగున్నప్పుడే చదువుతానంటే ఈ పరీక్ష మీకోసం ఆగదు.

2025లో ఫిజిక్స్ ఎంత ఏడిపించిందో రాసినవాళ్ళందరికీ తెలుసు. 180 నిమిషాల్లో బయాలజీని గంటలోపే ముగించి, అక్కడికక్కడే ఓఎంఆర్ షీటులో జవాబుల గుండ్రాలు నింపేశాను కాబట్టే ఆ లెక్కలతో కుస్తీ పట్టడానికి నాకు టైమ్ మిగిలింది.

తెలుగు మీడియం వాళ్ళు అప్లికేషన్‌లో తెలుగు ఎంచుకుంటే రెండు భాషల బుక్‌లెట్ ఇస్తారు. ఎక్కడైనా తేడా వస్తే ఇంగ్లీషులో ఉన్నదే ఫైనల్. మాక్ టెస్టులప్పటి నుంచే రెండూ చూసి జవాబు పెట్టడం అలవాటు చేసుకోండి.