ప్రోనోటు దావాకి ముందు మేం వేసుకున్న లెక్క

మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు డబ్బులు చేతికొచ్చిన ఏడాది అమ్మ మూడు లక్షలు, నాకు బాబాయి వరసయ్యే ఆయనకి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చింది. ప్రోనోటు రాశారు, ఇద్దరు సాక్షులున్నారు. దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దగ్గరపడుతున్నా ఆయన చెల్లు వేయలేదు. కొంత కట్టి, నోటు వెనక రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ అక్కడినుంచి మొదలయ్యేది. అది జరగలేదు కాబట్టి దావా తప్పలేదు.

ఒంగోలులో ప్లీడరు గారిని నేను ముందుగా అడిగింది, "ఓడితే మా మీద ఎంత పడుతుందండీ?" అని. ఆయన పాత కేసు డిక్రీ, అంటే తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు, ఒకటి తీసి కింద ఉన్న పట్టిక చూపించారు. దావా స్టాంపు, వకాల్తా స్టాంపు, బత్తా (సమన్లు పంపే ఖర్చు), అడ్వొకేటు ఫీజు, ఇలా వాదికీ ప్రతివాదికీ విడివిడిగా రాసి ఉన్నాయి. ఓడినవాళ్లు అవతలివాళ్ల ఖర్చులివ్వడం సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం మామూలు పద్ధతి. అయితే అందులో అడ్వొకేటు ఫీజు రూల్స్ ప్రకారం వేసింది, మనం నిజంగా ఇచ్చేదానికంటే బాగా తక్కువ. గెలిచినా పెట్టిందంతా తిరిగి రాదన్నమాట. దావా వేసే ప్రతి ఒక్కరికీ ఈ పట్టిక ముందే చూపించాలని నాకు గట్టిగా అనిపించింది.

వడ్డీ సంగతీ అంతే. నోటులో ఎంత రాసుకున్నా, ఇలాంటి చేబదులు బాకీల్లో డిక్రీ తర్వాత అసలు మీద కోర్టు ఇచ్చేది ఏడాదికి 6 శాతం దాటదు. సంతకం నాది కాదని ఆయనంటే నిపుణుడి ఖర్చు, అప్పీలుకి పోతే ఇంకో ఖర్చు. వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న, గెలిచాక వసూలవుతుందా? డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించమని మళ్లీ ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి. ఆస్తి లేనివాడి మీద డిక్రీ ఉన్నా ఏం లాభం? అందుకే ముందు ఆయన ఆస్తి లావాదేవీలు తెలిపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం. ఆయన పేర కొంత పొలం ఉంది, దాన్ని బేరం పెట్టాడని ఊళ్లో తెలిసింది. దాంతో ప్లీడరు గారు దావాతోపాటే తీర్పుకు ముందు జప్తు పిటిషన్ కూడా వేశారు.

ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అమ్మ మాత్రం తెలిసిన ప్లీడరే కావాలంది. అందుకని ఫీజు దావా వేసేటప్పుడు ఎంత, సాక్ష్యాలప్పుడు ఎంత, ఈపీకి విడిగా ఎంత అన్నది ముందే కాగితం మీద రాయించుకున్నాం.

జప్తు నోటీసు అందాక బాబాయి దారికొచ్చాడు. లోక్ అదాలత్‌లో అసలు పూర్తిగా, వడ్డీ కొంత తగ్గించి, వాయిదాల మీద కట్టేలా రాజీ కుదిరింది. వడ్డీ వదలడం అమ్మకి కష్టంగానే ఉన్నా, కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుందనీ, రాజీ ప్రకారం లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వు, అంటే అవార్డు మీద అప్పీలు ఉండదనీ చెప్పాక ఒప్పుకుంది. ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం ఒకేసారి వసూలు చేసుకోవచ్చన్న షరతు నేనే పట్టుబట్టి రాయించాను. అవార్డు డిక్రీతో సమానం కాబట్టి, అవసరమైతే నేరుగా ఈపీకే వెళ్లొచ్చు. ఇప్పటిదాకా వాయిదాలు సరిగ్గానే అమ్మ ఖాతాలో పడుతున్నాయి.